కందెన పెట్టి చెప్పకూడదు

ఇప్పటి కార్లలో తిరిగేవాళ్లకు గేరుబాక్సు ఏడుపు తెలియదు. అద్దాలు బిగించుకుని, పాటలు పెట్టుకుని పోతారు. లోపల పళ్లచక్రాలు ఒకదాన్నొకటి కొరుక్కుంటున్నా వాళ్ల చెవికెక్కదు. మా కాలంలో డ్రైవరంటే ముందు చెవులు, తర్వాతే చేతులు. రెండో గేరులో ఏడ్చిందా, మూడో గేరులో ఏడ్చిందా, క్లచ్ తొక్కితే ఆగిందా, తొక్కినా ఆగలేదా, దాన్నిబట్టి జబ్బేదో చెప్పేవాళ్లం. ఒకసారి నా కారు ఏడుపు ఆగిపోయిందని నేను సంతోషపడ్డాను. పడకూడదని తర్వాత తెలిసింది.

పోలీసు యాక్షన్ అయి, జాగీర్లు పోయాక, దొరల కార్లు గడీల్లో కోళ్లు గుడ్లు పెట్టుకునే జాగాలయ్యాయి. అలాంటి కారొకటి నా చేతికొచ్చింది. పేరుకు విలాయతీ బండి. సీటు చింపులకు మా అమ్మ గోనెసంచి కుట్టింది. నారాయణపేటలో చీరల మూటలతో ఎక్కే షావుకార్లను జడ్చర్ల రైలుకు చేర్చడం నా పని. కిరాయి లేనప్పుడు పెళ్లిళ్లకు పోయేవాణ్ణి. మా ఊరు ఆ రెంటికీ మధ్య, రోడ్డుకు కొంచెం లోపల. చుట్టూ గుండ్లు, గుట్టలు, వాటి మధ్య ఆముదపు చేలు.

మా నాయిన బండి తోలేవాడు. ఆముదాలు, పల్లికాయ, ఎవరి పంటైనా సరే, ఎడ్లబండి మీద జడ్చర్ల స్టేషనుకు చేర్చేవాడు. లారీలు వచ్చాక ఆ పని పోయింది. మేత పెట్టలేక ఎడ్లను సంతలో అమ్మేసి వచ్చిన నాడు అన్నం ముట్టలేదు. ఖాళీ అయిన ఎడ్ల కొట్టంలోనే నేను కారు పెట్టాను. మొదట్లో దాన్ని శత్రువును చూసినట్టు చూసేవాడు. తర్వాత ఎప్పుడు మనసు మారిందో తెలియదు, ఒక పొద్దున నేను లేచేసరికి కారు కడిగి, ముందు దీపాల మీద కుంకుమ బొట్లు పెడుతున్నాడు.

"గడ్డి గిట్ల ఏస్తవా ఏంది దానికి?" అన్నది అమ్మ.

"తింటె ఏస్త. నువ్వు తినంగ లేంది అది తింటె తప్పేంది?" అన్నాడు నాయిన.

అమ్మ నవ్వు పెద్దది. పక్కింటివాళ్లు కూడా ఏమైందని అడిగేవాళ్లు. కారెక్కితే మాత్రం నోరు మెదిపేది కాదు. వెనక సీట్లో ఒక మూలకు ఒదిగి, కొంగు కప్పుకుని, రెండు చేతులతో ముందు సీటు పట్టుకునేది. దొరసాని తీరు కూర్చోవే అని నేనంటే, దొరసానులకు భయం ఉండదా అనేది.

ఇక్కడ కందెన సంగతి చెప్పాలి. బండి చక్రం ఇరుసు మీద ఒరుసుకోకుండా పూసేదే కందెన. మా ఇంట్లో నాయినే చేసేవాడు. గానుగాడిన ఆముదం కాచి, కాల్చిన గడ్డి బూడిద సన్నగా జల్లించి అందులో కలిపేవాడు. కాటుక లాంటి నల్లటి ముద్ద. దాన్ని వెదురు గొట్టంలో నింపి బండి కింద వేలాడదీసేవాడు. బండ్లవాళ్లకు దాని గురించి ఒక కట్టుబాటు ఉండేది. దారిలో ఏ బండైనా కిర్రుమని ఏడుస్తుంటే, అది ఎవరిదైనా సరే, ఆగినచోట ఇరుసుకు ఇంత కందెన పెట్టి పోవాలి. పెట్టినట్టు చెప్పకూడదు. అడిగినా చెప్పకూడదు. చెప్తే పెట్టిన పుణ్యం పోతుందని, బండి మళ్లీ ఏడుస్తుందని నమ్మకం. జడ్చర్ల సంత నుంచి తిరిగొచ్చేటప్పుడు బండి తేలిగ్గా నడుస్తుంటే నాయిన తనలో తాను నవ్వుకునేవాడు. ఎవరో పెట్టారన్నమాట. ఎవరని ఆరా తీసేవాడు కాదు. ఎడ్లు పోయాక కూడా ఆ గొట్టం కొట్టంలో దూలానికి వేలాడుతూనే ఉండేది.

ఆ ఏడు చలికాలం నా కారు రెండో గేరులో ఏడవడం మొదలుపెట్టింది. ముందు సన్నగా, తర్వాత తల్లికోసం ఏడ్చే దూడలాగా. నూనె తగ్గిందని నాకు తెలుసు. కింద నూనె ఆపే సీలు అరిగి కారుతోంది. గేరుబాక్సులో పోసే చిక్కటి నూనె మా దగ్గర దొరకదు, హైదరాబాదు నుంచి రావాలి. చెప్పి పంపాను, రాలేదు. ఆ కార్లలో గేరుబాక్సు మూతి కారు లోపలే, కాళ్ల కింద పరిచే చాప ఎత్తితే కనిపిస్తుంది. అక్కడ చిన్న బిరడా. అది తిప్పి, పుల్ల ముంచి, ఎంత లోతుందో చూసుకోవాలి. నేను రోజూ పుల్ల ముంచి చూడడం, తిట్టుకోవడం, నాయిన కొట్టం గడప మీద కూర్చుని చూస్తూనే ఉన్నాడు.

"ఏమంటాందిరా?" అన్నాడు ఒకనాడు.

"ఏడుస్తాంది నాయినా. నూనె తక్కువైంది."

ఆయన తల ఊపి లేచాడు.

కొన్నాళ్లకు ఏడుపు ఆగింది. ఊరు దాటి గుట్ట ఎక్కుతుంటే గమనించాను. గేరు మెత్తగా, గొంతు లేకుండా నడిచింది. నేను దాన్ని నా అదృష్టం అనుకున్నాను. పాత బండ్లకు ఒక్కోసారి వాటంతటవే కుదురుకునే గుణం ఉంటుందని షావుకార్లకు కోతలు కూడా కోశాను. పుల్ల ముంచి చూస్తే నూనె నిండుగా కనబడింది గానీ, చీకటి కొట్టంలో దాని రంగు ఎవరు చూశారు! తెల్లవారుజామున గేరు కాస్త బిగుతుగా పడేది. చలికి అనుకున్నాను. ఇంటికి వచ్చి నాయినతో, "ఏడుపు బందైంది నాయినా" అన్నాను. ఆయన బీడీ వెలిగించుకుంటూ తనలో తాను నవ్వుకున్నాడు. నేను ఆ నవ్వు చూశాను. అర్థం కాలేదు.

అమ్మకు కడుపునొప్పి ఎన్నాళ్లనుంచి ఉందో మాకు తెలియదు. చెప్పే మనిషి కాదు. ఆముదపు ఆకు వేడిచేసి కట్టుకుంటూ, పని చేసుకుంటూ తిరిగింది. ఒకరోజు పొద్దున పొయ్యి ముందు ముడుచుకుని పడిపోయింది. ఒళ్లు కాలుతోంది. పొట్ట చెక్కలా గట్టిపడింది. నేనూ నాయినా ఎత్తి వెనక సీట్లో పడుకోబెట్టాం. నాయిన ఆమె తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పాలమూరు పెద్ద దవాఖానకు ఎండ ఎక్కకముందే చేరతామని నా ధీమా. కారున్న ఇల్లు మాదొక్కటే గదా అని, ఆ కంగారులోనూ కొంచెం గర్వపడ్డాను. మనిషికి అంత తెలివితక్కువతనం ఉంటుంది.

ఎన్నడూ లేనంత వేగంగా తోలాను. సగం దారి దాటాక ఒక పెద్ద ఎత్తు వస్తుంది, రెండు పక్కలా బండరాళ్లు. అక్కడ రెండో గేరు వేశాను. ఎక్కింది. పైకి చేరాక మూడోది వేద్దామని రాడ్డు లాగితే రాలేదు. మళ్లీ లాగాను. కాళ్ల కింద నుంచి కాలిన వాసన వచ్చింది. అంతలో ఇనుము ఇనుమును నమిలినట్టు పెద్ద చప్పుడైంది, వెనక చక్రాలు పట్టేసి కారు ఈడ్చుకుంటూ పోయి ఆగింది. క్లచ్ తొక్కినా కదలదు. నెట్టినా కదలదు. గేరుబాక్సు లోపల బిగుసుకుపోతే కారు బండరాయితో సమానం.

"ఏమైందిరా?" అన్నాడు నాయిన వెనక నుంచి.

"తెల్వది నాయినా."

"జర జూడు బిడ్డా. మీ అమ్మ చేతులు సల్లబడ్తున్నయ్."

బస్సు రావడానికి చాలా సేపుంది. చేలో ఒక ఎడ్లబండి కనిపిస్తే నాయిన చెప్పుల్లేకుండా ముళ్లలో పరుగెత్తి దాన్ని తెచ్చాడు. పగ్గాలు తానే పట్టుకున్నాడు. ఎన్నడూ ఎడ్లను కొట్టనివాడు ఆ రోజు కొట్టాడు. నేను అమ్మను పట్టుకుని కూర్చున్నాను. ఒకసారి కళ్లు తెరిచి, "బండేనా?" అన్నది. అవునన్నాను. "గిది నయం" అన్నది. భయం లేకుండా పడుకుంది. దవాఖాన చేరేసరికి మధ్యాహ్నం దాటింది. డాక్టరు మంచివాడే, చేయాల్సిందంతా చేశాడు. దీపాలు పెట్టే వేళకు అమ్మ పోయింది. "పొద్దున్నే తెచ్చి ఉంటే ఏమైనా చేసేవాణ్ణి" అని డాక్టరు నాయినతోనే అన్నాడు. ఆ మాట నాతో ఎందుకు అనలేదా అని నేను జీవితమంతా అనుకున్నాను.

దినాలు అయ్యాక లారీ వెనక కట్టి కారును జడ్చర్లకు ఈడ్పించాను. అక్కడ నాకు పని నేర్పిన ఉస్తాద్ షెడ్డు ఉండేది. నైజాం కాలం నుంచి మోటార్లు విప్పుతున్న మనిషి. ఇద్దరం కారు కింద దుంగలు పెట్టి, గేరుబాక్సు దించి, బల్ల మీద పెట్టి మూత విప్పాం. లోపల నూనె లేదు. నల్లటి ముద్ద ఉంది. అక్కడక్కడ పెరుగు విరిగినట్టు తునకలు తునకలుగా. పళ్లచక్రాలు తిరిగే కంచు బుష్షు షాఫ్టుకు అతుక్కుపోయింది.

"ఏంది బేటా, గేరుబాక్స్‌ల కాటుక పెట్టినవ్?" అన్నాడు ఉస్తాద్ నవ్వుతూ.

నేను వేలితో తీసి రుద్దాను. వేళ్ల మధ్య సన్నటి బూడిద గరగరలాడింది. ఆముదం వాసన. మా ఇంటి వాసన. కొట్టంలో వేలాడే వెదురు గొట్టం కళ్లముందుకు వచ్చింది. నాయిన బీడీ వెలిగిస్తూ నవ్విన నవ్వు కూడా. అక్కడే నేల మీద కూర్చుండిపోయాను.

ఆయన నాకు చెప్పలేదు. చెప్పకూడదు గదా.

నాయినే కందెన పోసి ఉంటాడని ఉస్తాద్‌కు చెప్పాను. ఆయన ముద్దను వేలితో నలిపి చూసి చెప్పాడు. ఆముదం ఒక్కటే అయితే కొన్నాళ్లు నడుస్తుందట. ఉన్న మోటారు నూనెలో అది కలవదు, విరిగిపోతుంది. వేడికి జిగురవుతుంది. దాంట్లో బూడిద పడిందంటే నూనె పోయే సందులన్నీ మూసుకుపోతాయి. ఏడుపు ఆగింది ఆ ముద్ద వల్లే. బిగుసుకున్నదీ దానివల్లే.

"మీ నాయినకు ఎర్కనా?"

"లేదు ఉస్తాద్. ఎర్క గావద్దు. ఎర్కైతె బతకడు."

అప్పటికి నాకు ఇంకే కోరికా లేదు. అమ్మ ఎట్లాగూ రాదు. నాయినకు ఈ సంగతి తెలియకూడదు, అంతే. ఉస్తాద్ లేచి తుక్కు కుప్ప దగ్గరికి పోయాడు. వెతికి వెతికి ఒక పళ్లచక్రం తెచ్చాడు. ఏదో పాత బండిది. ఒక పన్ను విరిగి ఉంది.

"గిది తీస్కపోయి జూపియ్యి. పన్నిరిగిందని జెప్పు. నేరం ఇనుము మీద ఏస్తె ఇనుమేమన్న అంటదా?"

నేను గేరుబాక్సును గ్యాస్‌నూనెతో, అదే కిరసనాయిలుతో, కడిగాను. కడిగిందే కడిగాను. చక్రాలు, షాఫ్టు, సందులు, మరమేకుల గాడులు, అన్నీ. అతుక్కున్న బుష్షును అరగదీసి ఊడబెరికి కొత్తది వేశాం. గేరుబాక్సు పూర్తయ్యాక వాసన చూశాను. ఆముదం వాసన పోయిందనిపించే దాకా మూత పెట్టనివ్వలేదు. "సాలు బేటా, అత్తరు పూస్తమా ఏంది?" అన్నాడు ఉస్తాద్. ఆయన కళ్లలో నీళ్లున్నాయి. ఆ పాత చక్రానికి కూడా కొత్త నూనె దట్టంగా పూసి, గుడ్డలో చుట్టుకుని ఇంటికి తెచ్చాను.

నాయిన కొట్టం గడప మీద ఉన్నాడు. చక్రం చేతికిచ్చి, "గీ పన్నిరిగింది నాయినా. అందుకే పట్టేసింది. పాత ఇనుము గదా" అన్నాను. ఆయన దాన్ని వెలుతురుకు తిప్పి చూశాడు. విరిగినచోట బొటనవేలు పెట్టి రుద్దాడు. మళ్లీ తిప్పాడు.

"ఇనుము గిట్ల జేసెనా" అన్నాడు చివరికి. లేచి పోయి చక్రాన్ని గోడ గూట్లో పెట్టాడు. నా గుండెల మీద నుంచి బరువు దిగింది. నమ్మాడనుకున్నాను.

ఆ తర్వాత ఆయన కారును ముట్టుకోలేదు. కడగలేదు, బొట్టు పెట్టలేదు, ఎక్కలేదు. వెదురు గొట్టాన్ని నీళ్లపొయ్యిలో పెట్టి కాల్చేశాడు. ఎడ్లే లేనప్పుడు అదెందుకని కాల్చాడులే అనుకున్నాను. ఎంత దూరమైనా నడిచే పోయేవాడు. అమ్మను చంపిన బండి అని దాని మీద కోపమనుకున్నాను. కొన్నేళ్లు ఓపిక పట్టి, ఒకనాడు నడి ఎండలో ఆయన సంతకు నడిచిపోతుంటే కారు ఆపి అరిచేశాను. "ఇంటి ముంగట కారు వెట్టుకొని తండ్రిని నడిపిస్తున్నడని నన్నంటరు అందరు. ఎక్కరాదు?"

"కాళ్లున్నయి గదరా" అన్నాడు. నడుచుకుంటూ పోయాడు. నా కోపం ఎప్పుడూ అంతే, తప్పుడు చోట లేస్తుంది.

ఆ కారు అమ్మేసి మరొకటి కొన్నాను. దాన్నీ ఎక్కలేదు. పంతొమ్మిది వందల అరవైల చివర ఆయనకు ఆయాసం పట్టుకుంది. నాటుమందులకు లొంగలేదు. పాలమూరు దవాఖానకు పోదామంటే సరేనన్నాడు. బండి కట్టించమన్నాడు. కారుండగా బండేమిటని నేను మొత్తుకున్నాను. చేతులు పట్టుకున్నాను. ఆయన మంచం మీద కూర్చుని, గూట్లో ఉన్న చక్రం అందుకోమన్నాడు. ఇచ్చాను. విరిగిన పన్ను నా వైపు తిప్పాడు.

"కొత్తగ ఇరిగిన ఇనుము ఎట్లుంటది బిడ్డా? తెల్లగ మెరుస్తది. గిది నువ్వు తెచ్చిననాడే తుప్పు బట్టి ఉండె. నూనె పూసినవ్ గని, వేలు వెడితె ఎర్రగ అంటె. యాభై ఏండ్లు ఇరుసులు జూసినోన్ని, గంత తెల్వదా నాకు?"

ఆయన చక్రాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు.

"పన్ను గాదని అప్పుడే ఎర్కైంది. పన్ను గాకుంటె ఇంకేందో గూడ ఎర్కైంది. గని నువ్వు గంత దూరం పోయి, ఎతికి, తెచ్చి, నా చేతుల వెట్టినవ్. నమ్మలేదంటె నువ్వేమైతవ్? అందుకె నమ్మిన." ఊపిరి కోసం ఆగాడు. "నమ్మిన గని, దాంట్ల కూసోనీకె పానం ఒప్పలేదు బిడ్డా. ఆమె తల నా ఒళ్లెనె ఉండె."

ఇన్నేళ్లూ నేను ఆయనను కాపాడుతున్నాననుకున్నాను. ఆయన నన్ను కాపాడుతూ, ఆ బరువు ఒక్కడే మోస్తూ, ఎండలో నడుస్తూ ఉన్నాడు. నేను ఆయన కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చాను. ఆయన నా తల మీద చేయి పెట్టాడు.

పక్కింటివాళ్ల బండి అడిగి తెచ్చాను. గడ్డి పరిచి, బొంత వేసి ఆయనను పడుకోబెట్టాను. ఎడ్లు కదలగానే చక్రం కిర్రుమన్నది. వాకిలి దాటకముందే ఆపాను. బండి కింద వెదురు గొట్టం వేలాడుతోంది. ఎన్నేళ్లుగానో నేను ముట్టుకోని వస్తువు. మూత తీసి, చేయి లోపలికి పెట్టి ముద్ద తీశాను. చక్రం జారకుండా పెట్టే సీల ఊడదీసి, చక్రం జరిపి, ఒక ఇరుసుకు, తర్వాత రెండోదానికి, చుట్టూ పూశాను. నాయిన ఎట్లా పూసేవాడో అట్లాగే. చేతిని మట్టితో రుద్దుకుని పగ్గాలు పట్టుకున్నాను.

బండి చప్పుడు లేకుండా రోడ్డెక్కింది. కొంత దూరం పోయాక వెనక నుంచి నాయిన గొంతు వినిపించింది.

"ఏడుస్తలేదు. కందెన పెట్టినవా బిడ్డా?"

నేను ఎడ్ల వైపే చూస్తూ తోలాను. చెప్పలేదు.